ఎర్ర లైటు ఆరేదాకా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు నడిస్తే ఏ బిల్డింగ్ చూసినా బోర్డులే. ఐఈఎల్‌టీఎస్, జర్మన్, జపనీస్, వీసా కన్సల్టెన్సీ. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకున్న పిల్లలు విమానం ఎక్కేలోపు చాలానే నేర్చుకుంటారు. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, బ్యాంకులో ఎంత చూపించాలి, ఆవకాయ కారకుండా ఎలా ప్యాక్ చేయాలి, అన్నీ. వెళ్లిన ఊళ్లో భూమి కంపిస్తే మర్నాడు పొద్దున ఎలా గడపాలో మాత్రం ఎవరూ చెప్పరు.

కంపించేటప్పుడు బల్ల కింద దూరాలని, లిఫ్టు ఎక్కొద్దని అందరికీ తెలుసు. పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఆ తర్వాతి రోజులే కష్టం.

2011 మార్చి 11, శుక్రవారం. జపాన్‌లో మధ్యాహ్నం 2:46, మనకు ఉదయం 11:16. భూకంప తీవ్రత 9. ప్రాణనష్టం ఎక్కువగా ఈశాన్య తీరంలో, సునామీ వల్ల జరిగింది. అయినా టోక్యోలో రైళ్లు ఆగిపోయి, రాజధాని ప్రాంతంలో దాదాపు 50 లక్షల మంది ఆ రాత్రి ఇల్లు చేరలేకపోయారని అక్కడి ప్రభుత్వ అంచనా. టోక్యోలో మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా ఉండేది నిషికసాయ్‌లో. అలాంటి చోట గంటల తరబడి నడిచి ఇల్లు చేరిన మనిషి టీ పెట్టుకుందామంటే స్టవ్ వెలగదు. పైపు పగిలిందేమోనని భయం. నిజానికి పెద్ద కుదుపు రాగానే అక్కడి గ్యాస్ మీటరు దానంతటదే సరఫరా ఆపేస్తుంది. ముందు గ్యాస్ వాసన లేదని చూసుకోవాలి. స్టవ్‌లూ హీటర్లూ అన్నీ కట్టేయాలి. తలుపు బయటున్న మీటరు దగ్గరికెళ్లి, మూత తిప్పి తీసి, బటన్ గట్టిగా నొక్కి వదలాలి. ఎర్ర లైటు మిణుకుతుంది. మూడు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా ఆగితే లైటు ఆరిపోతుంది, గ్యాస్ వస్తుంది. జపాన్‌లో పెరిగినవాళ్లకు ఇది మామూలు విషయం. కొత్తగా వెళ్లినవాళ్లకు మీటరు ఎక్కడుందో కూడా తెలియదు.

ఇక ఫోను. పెద్ద విపత్తు వస్తే టెలిఫోన్ కంపెనీలు మామూలు కాల్స్‌ను చాలావరకు ఆపేస్తాయి. 2011లోనూ అదే జరిగింది, ఇంటర్నెట్ మాత్రం కాస్త నయంగా పనిచేసింది. ఇక్కడేమో అమ్మ టీవీ ముందు కూర్చుని మళ్లీ మళ్లీ నంబరు కొడుతూనే ఉంటుంది. ఫుకుషిమా అణు కేంద్రంలో పేలుళ్లు మొదలయ్యాక, ఒకే దృశ్యాన్ని రోజంతా తిప్పి తిప్పి చూపిస్తుంటే, ‘వచ్చెయ్ రా’ అనకుండా ఏ తల్లి ఉంటుంది? ఆ బాధను తప్పు పట్టలేం. కానీ వార్డు ఆఫీసు ఏం చెబుతోందో జపనీస్‌లో అర్థంకాక, ఇంటి నుంచి వచ్చే ఏడుపు ఆపలేక నలిగిపోయేది ఆ పిల్లలే.

భాష రాకపోతే నష్టం ఎంతో 1995 జనవరి 17న కోబె భూకంపం చూపించింది. అక్కడ జపనీయులతో పోలిస్తే విదేశీయుల్లో చనిపోయినవాళ్ల, గాయపడ్డవాళ్ల నిష్పత్తి ఎక్కువ. హెచ్చరికలు విదేశీయులకు అర్థమయ్యేలా చిన్న మాటల జపనీస్‌లో ఇవ్వాలన్న ప్రయత్నం ఆ అనుభవంతోనే మొదలైంది. అంతకుముందు, 1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో వచ్చిన భూకంపం తర్వాత పుకార్లు నమ్మిన మూకలు వేలమంది కొరియన్లను చంపేశాయి. అదే విపత్తులో యొకొహామాలోని భారతీయ వర్తకులను స్థానికులు ఆదుకున్నారు. ఆ కృతజ్ఞతతో మనవాళ్లు కట్టించి ఇచ్చిన నీళ్ల మండపం ఇప్పటికీ అక్కడి యమషితా పార్కులో ఉంది. ఆ పార్కును కూడా భూకంప శిథిలాలతో సముద్రాన్ని పూడ్చి కట్టారు.

2024 మార్చిలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ప్రదర్శన కోసం జపాన్ వెళ్లిన రాజమౌళి కుటుంబం 28వ అంతస్తులో ఉండగా భూమి కంపించింది. చుట్టూ ఉన్న జపనీయులు వాన పడుతున్నట్టే చూస్తూ కదలకుండా ఉన్నారని రాజమౌళి కొడుకు కార్తికేయ రాశారు. ఆ నింపాదితనం పుట్టుకతో వచ్చింది కాదు. ఏటా సెప్టెంబర్ 1న బడుల్లో, ఆఫీసుల్లో చేసే డ్రిల్లుతో వచ్చింది.

నేపాల్ సంగతి ఇంకో రకం. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు 9,000 మంది చనిపోయారు. అప్పుడు తెలుగు యాత్రికులూ అక్కడే చిక్కుకున్నారు. ఢిల్లీలోని రెండు తెలుగు రాష్ట్రాల భవన్‌లు హెల్ప్‌లైన్లు పెట్టాయి. అయితే నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. అందుకే ఎవరెవరు వెళ్లారో, ఏ హోటల్లో దిగారో చెప్పే జాబితా ఒక్కచోట దొరకదు. సులువుగా దాటే సరిహద్దు ఆపదలో మనిషిని వెతకడం కష్టం చేస్తుంది. యాత్రకు బయల్దేరేవాళ్లు బస చేసే హోటల్ పేరు, టూర్ ఆపరేటర్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి వెళ్లాలి.

హైదరాబాద్‌కు ఈ భయం తెలియదనీ కాదు. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన కంపనం ఇక్కడికీ తాకింది. భయం తెలిసింది, సాధన రాలేదు.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జపనీస్ నేర్పించి అక్కడికి పంపుతోంది. ఆ క్లాసుల్లోనూ, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనూ ఒక్క పూట ఈ సాధనకు ఇవ్వాలి. గ్యాస్ మీటరు ఫొటో చూపించాలి. మంచం పక్కన చెప్పులు ఎందుకుండాలో (గాజు పెంకులు!), మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు ఎందుకు దాచాలో చెప్పాలి. చేరగానే ఎంబసీలో పేరు నమోదు చేయించాలి.

ఇంట్లోవాళ్లకూ ఒక పని ఉంది. జపాన్‌లో విపత్తు వేళ 171కి ఫోన్ చేసి క్షేమ సమాచారం రికార్డు చేయొచ్చు. దాని ఇంటర్నెట్ రూపం వెబ్‌171ను ఎల్బీనగర్‌లో కూర్చుని కూడా తెరవొచ్చు. ప్రతి నెలా 1, 15 తేదీల్లో ఎవరైనా వాడి చూసుకునే వీలుంది. మీ అబ్బాయో, అమ్మాయో అక్కడుంటే ఈసారి ఆ తేదీన వాళ్ల జపాన్ నంబరు కొట్టి, ఇద్దరూ కలిసి ఒక్కసారి ప్రయత్నించండి.