పాత పాటకు కొత్త అట్ట: మెలోడిక్ రాక్‌లో శ్రమ, యాజమాన్యం

మన పత్రికలో పాశ్చాత్య రాక్ సంగీతం గురించి రాయడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. బుర్రకథనో ఒగ్గుకథనో వదిలి గిటారు గోలతో మనకేం పని అని అడగవచ్చు. నేను బడిలో తెలుగు పాఠం చెప్పేవాణ్ణే గాని సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయితే కళను సృష్టించే మనిషికీ, దాన్ని సరుకుగా మార్చి అమ్మే సంస్థకూ మధ్య గల వైరుధ్యం రికార్డుల వ్యాపారంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మెలోడిక్ రాక్ పాత ఆల్బమ్‌లు కొత్త అట్టలతో మళ్ళీ అంగడికి వస్తున్నాయి. అదే ధోరణిలో స్వతంత్ర ఆల్బమ్‌లూ వెలువడుతున్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించడం నా ఉద్దేశం.

ఎలక్ట్రిక్ గిటారు హోరును అట్టే ఉంచి, దానిమీద ఒక్కసారి వింటే నాలుకమీద నిలిచే బాణీని, పలు గొంతులు కలిసే పల్లవిని నడిపే పద్ధతి మెలోడిక్ రాక్. 1970ల మధ్య నుంచి 1980ల చివరి దాకా అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ దీని ప్రాభవం సాగింది. అక్కడి విమర్శకులు చాలామంది దీన్ని కంపెనీ సంగీతమని తీసిపారేశారు. ఈ తీర్పులో రెండు అభియోగాలు కలగలిసి ఉన్నాయి. వ్యాపారం కోసం పుట్టిందనేది ఒకటి, తీయగా ఉందనేది రెండోది. మొదటిదాన్ని విచారించవలసిందే. రెండోదాన్ని నేను ఒప్పుకోను. నాజర్ బుర్రకథ జనం గుండెకెక్కడంలో బాణీకి తక్కువ పాత్ర లేదు. తీపినంతా అవతలివాడికి వదిలేసి చేదు మాత్రమే మనదనుకోవడం అతివాదం.

బోస్టన్ బృందం తొలి ఆల్బమ్ 1976లో వచ్చింది. దాని సూత్రధారి టామ్ షోల్జ్ ఎం.ఐ.టి.లో చదివిన ఇంజనీరు, పోలరాయిడ్ కంపెనీ ఉద్యోగి. ఉద్యోగం చేసుకొంటూనే ఇంటి నేలమాళిగలో సొంత పరికరాలతో పాటలు తయారు చేశాడు. ఎపిక్ కంపెనీ వాటిని పెద్ద స్టూడియోలో మళ్ళీ రికార్డు చేయమంది. మిగతా బృందం లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. షోల్జ్ మాత్రం వాయిద్యాల్లో చాలా భాగాన్ని మసాచుసెట్స్‌లోని తన నేలమాళిగలోనే పూర్తి చేశాడు. అమెరికాలోనే ఆ ఆల్బమ్ 1 కోటీ 70 లక్షల ప్రతులకు ధ్రువీకరణ పొందింది. కంపెనీ సరుకని ఈసడింపుకు గురైన ఈ ఆల్బమ్ చాలావరకు ఒక ఉద్యోగి చేతిపని.

‘మోర్ దాన్ ఎ ఫీలింగ్’ పాట వింటే ఆ చేతిపని తెలుస్తుంది. మొదట గిటారు తీగలు ఒక్కొక్కటిగా, దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు మోగుతాయి. బ్రాడ్ డెల్ప్ గొంతు నెమ్మదిగా అందుకొంటుంది. పల్లవి దగ్గర గిటార్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు లేస్తాయి. పాత పాట ఒకటి వినగానే దూరమైపోయిన అమ్మాయి గుర్తుకు రావడమే పాటలోని వస్తువు. చిన్న వస్తువే. కాని జ్ఞాపకం మెల్లగా దగ్గరై ఒక్కసారిగా ముంచెత్తే అనుభవం ఆ నిదానంలో, ఆ హోరులో ఉంది. ఇక్కడ వస్తువుకు రూపం అమరింది.

రెండో ఆల్బమ్‌ను 1978లో కంపెనీ తొందరపెట్టి విడుదల చేయించిందని షోల్జ్ ఫిర్యాదు. మూడోదానికి పడుతున్న ఆలస్యం మీద సి.బి.ఎస్. 1983లో కోర్టుకెక్కింది. ఆ ఆల్బమ్ 1986లో వేరే కంపెనీ ద్వారా వచ్చింది. వ్యాజ్యం 1990లో షోల్జ్‌కు అనుకూలంగా ముగిసింది. 2006లో తొలి రెండు ఆల్బమ్‌లు మళ్ళీ విడుదలైనప్పుడు ధ్వనిని సరిదిద్దే పనిని అతడే పట్టుబట్టి చేశాడు. దాన్ని చాదస్తమనడానికి వీల్లేదు. పక్క సరుకు కన్నా బిగ్గరగా వినబడాలన్న పోటీలో, 1990ల నుంచి చాలా పునర్విడుదలల్లో మెల్లని భాగాలను పైకెత్తి, బిగ్గర భాగాల శిఖరాలను నొక్కి, అంతా ఒకే ఎత్తుకు తెచ్చారు. నిదానానికీ హోరుకూ మధ్య ఉన్న దూరాన్ని చెరిపేస్తే నేను పైన చెప్పిన పాటలో ప్రాణం ఉండదు.

డెఫ్ లెపర్డ్ కథ మరింత చేదు. బ్రిటన్‌లోని ఉక్కు పట్టణం షెఫీల్డ్ నుంచి వచ్చిన బృందమిది. డ్రమ్స్ వాయించే రిక్ అలెన్ 1984 చివరి రోజున కారు ప్రమాదంలో ఎడమ చేయి పోగొట్టుకొన్నాడు. చేతితో కొట్టవలసిన దెబ్బల్లో కొన్నిటిని కాలితో మోగించే ఏర్పాటు చేయించుకొని, వాయిద్యాన్ని మళ్ళీ నేర్చుకొని, 1987 నాటి ‘హిస్టీరియా’లో వాయించాడు. ఇంత శ్రమ దాగిన పాటల డిజిటల్ అమ్మకాల్లో వాటా గురించి యూనివర్సల్ కంపెనీతో పేచీ వచ్చింది. బృందం 2012లో తన పాత పాటలు కొన్నిటిని అచ్చం అలాగే మళ్ళీ పాడి రికార్డు చేసింది. తమ పాటకు తామే నకలు తయారు చేసుకోవలసిన స్థితి! శ్రామికుడు తన ఉత్పత్తికే పరాయివాడవుతాడనే సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

యాజమాన్యం ప్రభావం వస్తువు మీద కూడా ఉంటుందా? బాన్ జోవీ బృందం 1986లో పాడిన ‘లివిన్ ఆన్ ఎ ప్రేయర్’ చూడండి. నాయకుడు రేవు కార్మికుడు. సంఘం సమ్మెలో ఉంది. నాయిక హోటల్లో పనిచేసి ఇల్లు నడుపుతుంది. రీగన్ ప్రభుత్వం 1981లో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా విమాన నియంత్రణ ఉద్యోగుల్ని తొలగించిన దేశంలో ఇది గొప్ప ప్రారంభం. కాని సమ్మె మొదటి చరణంలోనే ఆగిపోతుంది. మిగిలినదంతా ఇద్దరి ప్రేమ, ఓర్పు. కార్మికుడు పాటలోకి వచ్చాడు గాని అతని సంఘం గుమ్మం దగ్గరే నిలిచిపోయింది. వేలమంది గొంతు కలిపే ఆ పల్లవి ఒంటరి ఆశ దగ్గరే ఆగడం నాకు లోటుగా తోస్తుంది.

స్వతంత్ర మార్గానికి మారిలియన్ బృందం మంచి నిదర్శనం. 1985లో బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకొన్న ఈ బృందాన్ని పదేళ్ళకు ఈ.ఎం.ఐ. వదిలించుకొంది. 1997లో అమెరికా యాత్రకు డబ్బు లేకపోతే అభిమానులే 60 వేల డాలర్లు పోగు చేశారు. 2001 నాటి ఆల్బమ్‌కు 12 వేలకు పైగా శ్రోతలు ముందుగానే సొమ్ము కట్టారు. చందాలతో పుస్తకాలు వేసుకొన్న మన సాహితీపరులకు ఇది తెలిసిన దారే. 2022 నాటి ‘ఎన్ అవర్ బిఫోర్ ఇట్స్ డార్క్’లో భూగోళం వేడెక్కడం, కరోనా కాలపు వైద్య సిబ్బంది సేవ పాటలయ్యాయి. బాణీ తియ్యదనం ఎక్కడా తగ్గలేదు.

అలాగని స్వతంత్రమనే మాటను చూసి మోసపోరాదు. ఇటలీలోని నేపుల్స్‌లో 1996లో మొదలైన ఫ్రాంటియర్స్ సంస్థ పెద్ద కంపెనీలు విడిచిపెట్టిన గాయకులెందరికో ఆసరా అయింది. అది మేలే. కాని 2015లో తొలి ఆల్బమ్ తెచ్చిన రివల్యూషన్ సెయింట్స్ బృందాన్ని కూర్చింది సంస్థ అధిపతి ఆలోచన. పాటల్ని నడిపింది సంస్థ ఆస్థాన నిర్మాత. ముగ్గురూ చేయి తిరిగినవారే, బాణీలు తీయనివే. అయినా 1980ల నమూనాను శ్రద్ధగా దిద్దిన అక్షరాల్లా ఉన్నాయి. చిన్న పెట్టుబడి కూడా జ్ఞాపకాన్నే సరుకు చేయగలదు.

ఈ చర్చ మనకు దూరం కాదు. 2012లో మన కాపీరైటు చట్టానికి వచ్చిన సవరణ, సినిమా హాలు ప్రదర్శనకు వెలుపల, పాట రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఇచ్చింది. వదులుకొన్నామని ఒప్పందంలో రాసిచ్చినా చెల్లని హక్కు అది. కాబట్టి పాత పాట కొత్త అట్టతో వచ్చినప్పుడు విమర్శకుడు మూడు ప్రశ్నలు వేయాలి. అసలు టేపు ఎవరి చేతిలో ఉంది? ధ్వనిని సరిదిద్దింది ఎవరు? వచ్చిన రాబడిలో పాడినవాడికెంత? వీటికి జవాబు వెతకకుండా బాణీని మెచ్చుకొన్నా, తిట్టినా అది సగం విమర్శే అవుతుంది.