బదులు నటుల విద్య

1871 నవంబరు 27న ప్రారంభమైన డబ్లిన్ గేయిటీ థియేటర్‌లో 1873లో మొదలైన పాంటోమైమ్, అంటే క్రిస్మస్ రోజుల్లో పాటలు, హాస్యం, పిల్లల కేకలతో సాగే అద్భుతకథా ప్రదర్శన, ఐర్లండ్ కుటుంబాలకు పండుగలో భాగమైపోయింది. రోజుకు రెండు ఆటలు పడే ఆ చలిదినాలే జలుబు, జ్వరాలు ముమ్మరించే కాలం కూడా కావడంతో, తారాగణంలో ఒకరు మంచం పట్టినా ఆట రద్దయ్యే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఆ ప్రమాదాన్ని తప్పించే పనివారు ఇద్దరు. తన చిన్న వేషం వేస్తూనే ముఖ్యపాత్ర సంభాషణలన్నీ కంఠస్థం చేసి ఉంచుకునేవారు అండర్‌స్టడీ. బృందగానంలో, నృత్యంలో పలువురి స్థానాలను నేర్చి, ఎవరు రాకపోతే వారి చోట నిలిచేవారు స్వింగ్. వీరిలో రెండవవారి విద్య మరింత అబ్బురమైనది. ఒకే నాట్యాన్ని కుడివైపు నర్తకిగానూ ఎడమవైపు నర్తకిగానూ గుర్తుంచుకుని, ఏ తెర పక్కనుంచి ప్రవేశించాలో, ఎన్ని క్షణాల్లో దుస్తులు మార్చాలో పొరపడకుండా చేయడం సామాన్యం కాదు. తెలుగునాట కూడా, 1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి నాటక సమాజంలో, రంగస్థలంపైనే పెరిగిన కుటుంబసభ్యులకు ఇటువంటి నేర్పు వారసత్వంగా అబ్బింది.

2021 డిసెంబరు 20 నుంచి ఐర్లండ్ ప్రభుత్వం కోవిడ్ కొత్త రకమైన ఒమిక్రాన్ కారణంగా నాటకశాలలను రాత్రి 8 గంటలకే మూయించినప్పుడు, ఆటవేళను ముందుకు జరుపుకునే వీలైనా ఉండేది. నటులే అస్వస్థులైతే, బదులు నటులకు వేతనమిచ్చే స్తోమత లేని చిన్న బృందాలకు టికెట్ల సొమ్ము తిరిగి ఇవ్వడమే మిగిలేది.