మహమ్మారి కాలములో చిన్న సంఘపు ఆరాధన: చల్లపల్లి ప్రాంతము నుండి ఒక విమర్శనాత్మక పరిశీలన

2020 మార్చి 24న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా ఆరాధనా స్థలములు మూతపడ్డాయి. ఏప్రిల్ 5న మట్టల ఆదివారము, 10న శుభ శుక్రవారము, 12న పునరుత్థాన పండుగ మూసిన తలుపుల వెనుకనే గడిచిపోయాయి. జూన్ 8 నుండి షరతులతో మందిరములు తెరచుకొన్నా, 2021 మే 5 నుండి రాష్ట్రములో మధ్యాహ్నము 12 గంటలకే కర్ఫ్యూ మొదలై కూడికలకు మరల ఆటంకము కలిగింది.

ఈ కాలమును గూర్చిన చర్చ ఎక్కువగా నగరములలోని పెద్ద సంఘముల చుట్టూ తిరిగింది. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి ప్రాంతముల పేటలలో ఉన్న చిన్న సంఘముల స్థితి వేరు. సభ్యులలో అనేకులు వ్యవసాయ కూలీలు. కాపరి జీవనము ఆదివారపు కానుక మీద ఆధారపడి ఉంటుంది. అట్టి సంఘము తన ఆరాధనను ఎట్లు మార్చుకొన్నది, ఆ మార్పు వాక్యానుసారమైనదా అని ఈ వ్యాసములో పరిశీలింప గోరుచున్నాము. ఏ ఒక్క సంఘమును వేలెత్తి చూపుట మా ఉద్దేశము కాదు. చిన్న సంఘము ప్రసంగమును కాపాడుకొన్నది గాని, ప్రభువు బల్లను, పాటను, భూస్థాపనను గూర్చి తగినంత ఆలోచించలేదన్నది మా వాదన.

1. తెర మీది ప్రసంగము

తలుపులు మూయబడగానే అనేకమంది కాపరులు ఫోను ముందు నిలిచి ప్రసంగించారు. వాట్సాప్‌లో సందేశము పంపారు. ఇది నిందింపదగినది కాదు. పౌలు చెరలో నుండి పత్రికలు వ్రాసెను. దూరమున్న సంఘమును వాక్యముతో పోషించుట అపొస్తలుల నాటి పద్ధతియే. అయితే యోహాను తన రెండవ పత్రిక 12వ వచనములో సిరాకాగితములతో తృప్తిపడక ముఖాముఖిగా మాటలాడవలెనని నిరీక్షించెను. పత్రిక సహవాసమునకు సహాయము, దానికి బదులు కాదు.

మరి ఆ ప్రసంగము ఎవరికి చేరింది? ఇంటికి ఒకే స్మార్ట్ ఫోను ఉన్నచోట అది చదువుకొనే పిల్లల చేతిలోనో యౌవనుల చేతిలోనో ఉంటుంది. నాట్లకు, కలుపుకు పోయే తల్లి, చూపు మందగించిన అవ్వ ఆ కూడికకు వెలుపల నిలిచిపోయారు. కొరింథులో ధనవంతులు ముందుగా భుజింపగా, పని ముగించుకొని వచ్చిన పేదలు ఆకలితో మిగిలారని అనేకమంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని పౌలు 1 కొరింథీ 11:33లో ఆజ్ఞాపించుటకు కారణమదే. ఫోను లేనివారి కొరకు కనిపెట్టుకొనని ఆరాధన అదే తప్పును మరొక రూపములో చేసింది.

ఇందుకు భిన్నముగా, మామూలు ఫోనులోనే ఒక్కొక్క ఇంటివారిని పలుకరించి ప్రార్థించిన కాపరులు, సాయంకాలము ఇంటి పెద్దచేత వాక్యము చదివించిన సంఘములు మేలైన మార్గమును పట్టుకొన్నాయి. ఇది మనకు కొత్త కాదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వి.ఎస్. అజరయ్య గారు బాప్తిస్మము పొందిన ప్రతివాడును సువార్తికుడేనని బోధించారు. స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము కూడ ఆ కాలమునుండి మన సంఘముల వాడుకయే. ఆ బియ్యము కూలి లేని ఇండ్లకు చేరినచోట కానుక కూడ ఆరాధనయైనది. తెర అడుగున ఫోన్‌పే నంబరు మాత్రమే కనబడినచోట ఆ అర్థము మరుగైపోయింది. కాపరి అవసరత నిజమే. కాని కానుక ఒకే దిక్కునకు ప్రవహించినయెడల అది సహవాసము కాదు.

2. ప్రభువు బల్ల

ఎవరి ఇంట వారు రొట్టెయు రసమును సిద్ధపరచుకొనగా కాపరి ఫోనులో ప్రార్థించుట కొన్ని సంఘములలో జరిగింది. దీనిని సమర్థించువారు అపొ. కార్యములు 2:46 చూపుదురు. అయితే అక్కడ విశ్వాసులు ఇండ్లలో కూడుకొన్నారు గాని, ఎవరింట వారు విడిగా నుండలేదు. 1 కొరింథీ 11:20-22లో పౌలు సొంత ఇంటి భోజనమును, సంఘముగా కూడి తినే ప్రభువు రాత్రి భోజనమును స్పష్టముగా వేరుచేసెను. అభిషేకము పొందిన సేవకుని అవసరతను గూర్చి మన సంఘశాఖలు భేదింపవచ్చును. కూడిన శరీరమును గూర్చి ఈ వాక్యభాగము అందరికీ ఒకటే.

సి.ఎం.ఎస్. మిషనరీలు కృష్ణా ప్రాంతమునకు తెచ్చిన ఆంగ్లికన్ సంప్రదాయములో ఇందుకు మార్గము ముందే ఉన్నది. 1662 నాటి ప్రార్థనా గ్రంథములోని రోగుల సంస్కార క్రమము, తెగులు కాలములో అంటురోగ భయముచేత పొరుగువారెవరును రాలేనియెడల, రోగి కోరిన మీదట సేవకుడొక్కడే అతనితో కలిసి పుచ్చుకొనవచ్చునని అనుమతించింది. న్యాయమైన ఆటంకముచేత పుచ్చుకొనలేనివాడు నిజమైన పశ్చాత్తాపముతోను విశ్వాసముతోను ఉన్నయెడల క్రీస్తు శరీర రక్తములయందు పాలుపొందుచున్నాడని కూడ బోధించింది. కనుక బల్ల లేని నెలలను ఉపవాసముగా ఎంచి, కూడుకొను దినము కొరకు ఆశతో ఎదురుచూచుట విశ్వాసరాహిత్యము కాదు. తొందరపడి బల్లను ముక్కలు చేయుటకంటె అది మేలు.

3. పాట, సమాధి

2020 జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన నియమములు గాయక బృందములను వద్దన్నాయి, రికార్డు చేసిన పాటలు వినిపించుమన్నాయి, ఉమ్మడి చాపలను మానుమన్నాయి. వైద్యరీత్యా ఇవి సహేతుకమే. కాని చాప మీద కూర్చుండి, చదువురాని అవ్వ సహితము కీర్తనలద్వారా సిద్ధాంతము నేర్చుకొనిన సంఘమునకు ఇది చిన్న నష్టము కాదు. పాడువారు వినువారైనారు. తలుపులు తెరచుకొన్న తరువాత కూడ పాటను మైకునకు, కీబోర్డునకు అప్పగించినచోట ఆ నష్టము ఇంకను తీరలేదు.

అంతకంటె లోతైన గాయము భూస్థాపన. లాక్‌డౌన్ నియమము ఇరవైమందికి మించి రాకూడదన్నది. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక క్రైస్తవ వైద్యుని భూస్థాపనను మూక అడ్డగించిన సంగతి పాఠకులు ఎరుగుదురు. ఊరంతా వచ్చి మోయవలసిన పెట్టెను నలుగురు మోసిరి. మూడవ శతాబ్దపు తెగులులో అలెక్సంద్రియ క్రైస్తవులు రోగులను సేవించి, మృతులను తమ చేతులతో సిద్ధపరచిరని బిషప్ దియొనీసియు వ్రాసెను. 1527లో లూథరు కాపరులు రోగులను విడిచి పారిపోరాదని చెప్పుచునే, అవసరము లేనిచోటికి పోయి వ్యాధిని వ్యాపింపజేయరాదనియు, ఔషధములను వాడుమనియు బోధించెను. ఈ రెండును కలిసినదే క్రైస్తవ ప్రేమ. దీనికి విరుద్ధముగా రోగమును అవిశ్వాసపు గురుతుగా చూపిన ప్రసంగము దుఃఖించు ఇంటికి రెండవ మరణమే.

4. ఇప్పుడు చేయవలసినది

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర స్థితిని ముగించింది. సంఘము చేయవలసిన పని మాత్రము ముగియలేదు. నవంబరు 2న సమాధులయొద్ద ప్రార్థించు వాడుక గల సంఘములు ఆ దినమున, లేనివి తమకు అనుకూలమైన ఆదివారమున, ఆ రెండేండ్లలో పాతిపెట్టబడినవారి పేర్లు చదివి విలాప కీర్తనలతో ఆరాధింపవలెను. అప్పటినుండి ఫోనులోనే నిలిచిపోయిన ఇండ్లను కాపరి, పెద్దలు, స్త్రీల సమాజమువారు పేరు పేరున దర్శింపవలెను. సెమినరీలు ఆరాధన పాఠములో రోగుల సంస్కారమును, గృహ ప్రార్థనను, ఆపత్కాల భూస్థాపనను అభ్యాసముతో నేర్పవలెను. డెల్టా తుపానులను ఎరిగిన నేల. మరొక ఆపద రాదని ఎవరును చెప్పలేరు. అది వచ్చు దినమున కాపరికి కెమెరా ఉన్నదా అనునది రెండవ ప్రశ్న. ఏ ఇంట ఎవరు ప్రార్థన నడిపింపగలరో అతనికి ముందే తెలిసి ఉండవలెను.