ఇసుక దారిలో శునకం: మహాప్రస్థానిక పర్వ పునఃపఠనం

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఎవరని అడిగితే, భారతంలో ఒక్క పర్వమైనా చదవని తెలుగువారు సైతం యమధర్మరాజని చెప్పగలరు. కథ తెలియకముందే జవాబు తెలిసిపోయిన సందర్భమిది. హరికథలు, పురాణ ప్రవచనాలు, బడి పాఠాలు ఈ జవాబును ఎంత గట్టిగా స్థిరపరిచాయంటే, పర్వాన్ని ఎవరు తెరిచినా ఆ జంతువులో మొదటి అడుగు నుంచీ దేవతనే చూస్తారు. ఇలా చివరి నుంచి వెనక్కి చదవడం వల్ల పర్వంలోని ప్రధానమైన నైతిక సమస్య మరుగున పడుతోందని ఈ వ్యాసంలో నా వాదన. రూపం విడిచే క్షణం దాకా అది కుక్కే. యుధిష్ఠిరుడు దాన్ని కుక్కగానే ఎరుగును. కథకుడైన వైశంపాయనుడు కూడా దాన్ని కుక్క అనే అంటాడు. రహస్యాన్ని ముందుగా విప్పడు.

పదిహేడవదైన ఈ పర్వం చాలా చిన్నది. భండార్కర్ సంస్థ పరిష్కృత ప్రతిలో దాని పరిమాణం మూడు అధ్యాయాలు. విరాటపర్వం మొదలుకొని తిక్కన తెనిగించిన పదిహేనింటిలో ఇదీ ఒకటి. నా పరిశీలన కొన్ని క్రియాపదాల మీద ఆధారపడింది గనుక ఇక్కడ సంస్కృత మూలాన్నే అనుసరిస్తున్నాను. పరీక్షిత్తుకు రాజ్యం అప్పగించి, ఉపవసించి, తూర్పుముఖంగా బయలుదేరినవారు ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది, ఏడవది కుక్క. పౌరులూ అంతఃపుర జనమూ చాలా దూరం వెంట నడిచి, తిరిగి రమ్మని అడగలేక తామే మరలిపోయారు. కుక్క మరలలేదు. లౌహిత్య జలాల దగ్గర అగ్ని ఎదురై అడగ్గా అర్జునుడు గాండీవాన్ని నీట విడిచాడు. దక్షిణానికీ, అటుపై పడమరకూ సాగి, సముద్రం ముంచిన ద్వారకను చూసి, ఉత్తరానికి తిరిగి హిమవంతాన్ని దాటారు. ఆవల కనబడింది వాలుకార్ణవం, అంటే ఇసుక సముద్రం.

ఆ ఎడారికి కవి కేటాయించినది ఆ ఒక్క సమాసమే. అది వేడిదో చల్లదో, ఎన్నాళ్లు నడిచారో, నీరెక్కడ దొరికిందో చెప్పడు. నడిచేవారు యోగయుక్తులు గనుక చెప్పనక్కర లేదని వ్యాఖ్యాతలు సమాధానపడవచ్చు. మొదట నేలకొరిగిన ద్రౌపదిని యోగం నుంచి జారినదిగానే కవి వర్ణించాడు. మరి కుక్కకు ఏ యోగం ఉంది? అది సంకల్పం చెప్పుకోలేదు, ఉపవాస దీక్ష పట్టలేదు, స్వర్గాన్ని ఆశించి బయలుదేరలేదు. తక్కినవారి నడకకు శాస్త్రాధారం ఉన్నది. దాని నడకకు ఉన్న ఆధారం ముందు నడుస్తున్న మనిషి ఒక్కడే. ఇసుక సముద్రాన్ని ఒక్క మాటతో దాటించేటప్పుడు కవి దాటవేసినది ఈ వ్యత్యాసాన్నే. దాన్ని గ్రహించడానికి, కుక్కతో కలిసి నిజంగా ఎడారి దాటిన ఒక యాత్రాకథనాన్ని పక్కన పెట్టుకోవడం ఉపకరిస్తుంది.

ఆస్ట్రేలియా రచయిత్రి రాబిన్ డేవిడ్సన్ 1977లో ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతం నుంచి బయలుదేరి, నాలుగు ఒంటెలతో, డిగిటీ అనే కుక్కతో సుమారు 2,700 కిలోమీటర్ల ఎడారిని దాటి పడమటి తీరాన హిందూ మహాసముద్రం చేరింది. 1980లో వచ్చిన ఆమె పుస్తకం ‘ట్రాక్స్’ ఆ ప్రయాణ కథ. ఇది ఇతిహాసం కాదు, ఆధునిక స్వీయానుభవ కథనం. రెంటినీ ఒకే తూకంలో వేయడం నా ఉద్దేశం కాదు. కాని ‘ట్రాక్స్’లో కుక్క కుక్కగానే ఉంటుంది, ఏ పుటలోనూ రూపం మార్చుకోదు. కుక్క ఒంటికి మనిషికి పట్టినట్టు చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీదుగా వేడిని వెళ్లగొడుతుంది. రొప్పినకొద్దీ ఒంట్లో నీరు తరుగుతుంది. కాలిన ఇసుక మీద అడుగుల మెత్తలు పొక్కుతాయి. జనసంచారం లేని చోట దాని దాహానికి బాధ్యుడు వెంట ఉన్న మనిషే. ఊళ్లో కుక్కకు నలుగురి ఎంగిలీ దక్కుతుంది. ఎడారిలో పెట్టే చేయి ఒక్కటే. ఈ భౌతిక వాస్తవం తెలిసిన తరువాత భారతంలోని ‘భక్త’ శబ్దం మరో రకంగా వినిపిస్తుంది. కుక్కను వదలనని ఇంద్రుడితో చెప్పేటప్పుడు యుధిష్ఠిరుడు దానికి వేసిన విశేషణం అదే. పంచుకోవడమనే అర్థమున్న ‘భజ్’ ధాతువు నుంచి వచ్చిన ఆ శబ్దానికి ఆశ్రయించినవాడనే కాదు, అన్నమనీ అర్థముంది. మనం గుడి అర్థంలో మాత్రమే వింటున్నాం.

‘ట్రాక్స్’లోని ఎడారి నిర్మానుష్యమూ కాదు. అది పిత్యంత్యత్యర వంటి ఆదివాసుల నేల. ఆ జాతి వృద్ధుడొకరు కొంత దూరం ఆమెకు దారి చూపుతూ నడిచారు. పశువులు మేపుకొనేవారికీ అది ఆస్తే. ఆ దేశంలో డింగోలనే అడవికుక్కలను చంపడానికి విషం కలిపిన ఎరలు వేస్తారు. అలాంటి ఎరనొకదాన్ని డిగిటీ తిన్నది. బతికే ఆశ లేక తన్నుకులాడుతున్న దాన్ని డేవిడ్సన్ తన తుపాకితోనే కాల్చింది. ఆమె చివరిదాకా దాన్ని చూస్తూనే ఉండవలసి వచ్చింది.

ఈ చూపు దగ్గరే నేను మహాప్రస్థానికానికి తిరిగి వస్తాను. ద్రౌపది పడినప్పుడు, భీముడు కారణమడిగితే, ఆమెకు అర్జునుడి మీద పక్షపాతమని చెప్పి యుధిష్ఠిరుడు ఆమెవైపు చూడకుండా సాగిపోయాడు. సహదేవుడు ప్రజ్ఞా గర్వం వల్ల, నకులుడు రూప గర్వం వల్ల, అర్జునుడు ఒక్కరోజులో శత్రువులను దహిస్తానన్న ప్రగల్భం వల్ల పడ్డారు. అంతవరకూ పడినవారు నోరు విప్పలేదు. భీముడు అలా కాదు. పడిన తరువాత మాట్లాడాడు. నీకు ప్రియమైనవాణ్ణి పడిపోయాను, ఇటు చూడమని అన్నను వేడుకున్నాడు. అతిగా తిన్నావు, ఇతరులను చూడక నీ బలాన్ని పొగడుకున్నావు అని అన్న జవాబిచ్చాడు. ఇచ్చి, చూడకుండానే వెళ్లిపోయాడు. తమ్ముడు కోరినది చూపు. అన్న మోపిన నేరం చూడకపోవడం. అన్న చేసిన పనీ చూడకపోవడమే. రెండు మూడు శ్లోకాల వ్యవధిలో ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. యాదృచ్ఛికమని నేను అనుకోలేను.

వెనుదిరిగి చూడకపోవడం ప్రస్థాన నియమం కాబట్టి ఇందులో నైర్ఘృణ్యం లేదనే వాదం ఉన్నది, దానికి బలమూ ఉన్నది. అయితే ఆ నియమమే నిజమైతే కుక్క కోసం మాత్రం ఎందుకు ఆగినట్టు? ఇంద్రుడు అడిగినది సరిగ్గా ఇదే. అన్నదమ్ములను, ద్రౌపదిని విడిచావు, ఈ కుక్కను విడవలేవా అన్నాడు. మనం ఇంద్రుడిని ప్రలోభపెట్టేవాడిగా చూసి అతని ప్రశ్నను తేలికగా తీసుకుంటాం. కాని పర్వం మొత్తంలో అంతకంటె పదునైన ప్రశ్న లేదు. యుధిష్ఠిరుడి సమాధానం: చనిపోయినవారిని నేను బతికించలేను, బతికి ఉండగా వారిని విడువలేదు. శరణన్నవాణ్ణి వదలడం, స్త్రీవధ, బ్రాహ్మణ ధనాపహరణ, మిత్రద్రోహం, ఈ నాలుగూ కలిపినా భక్తుణ్ణి విడవడంతో సమానమేనని కూడా అన్నాడు. గంభీరమైన సమాధానమే. కాని పాఠకుడి చెవిలో భీముడి గొంతు ఇంకా ఉన్నది. పడినవాడు మాట్లాడాడు. మాట్లాడినవాడు ఆ క్షణాన బతికే ఉన్నాడు.

ఇది యుధిష్ఠిరుడిని దోషిగా నిలబెట్టే ప్రయత్నం కాదు. కుక్కను ముందే దేవతగా గుర్తించే పఠనంలో ఈ పగులు కనబడదు. అతడు మొదటి నుంచీ నిశ్చలుడై పరీక్షలో నెగ్గినట్టే ఉంటుంది. కుక్కను కుక్కగా చదివితే, ఐదుసార్లు చూడకుండా సాగినవాడు ఆరవసారి ఆగి చూశాడు. ఆనృశంస్యమని భారతం పదేపదే చెప్పే గుణం ఇక్కడ ముందునుంచీ ఉన్న ఆస్తిలా గాక, ఆలస్యంగా, పోగొట్టుకున్న తరువాత చేతికందినదిగా కనబడుతుంది. ధర్ముడు ప్రత్యక్షమై ద్వైతవనంలోని పూర్వపరీక్షను గుర్తుచేసి కొడుకును మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో భీముడి ప్రస్తావన లేదు. డేవిడ్సన్‌కు మెచ్చుకునే దేవత ఎవరూ రాలేదు. డిగిటీ లేకుండానే ఆమె మిగిలిన దూరం నడిచింది. విడవకపోవడం అంటే కొన్నిచోట్ల తుపాకి ఎత్తవలసి రావడమని యుధిష్ఠిరుడి సూత్రం చెప్పదు. అతడి కుక్కకు అలాంటి చావు రాలేదు.

చివరగా శ్రోతను గురించి ఒక మాట. భీముడిని విడిచి రాజు సాగిపోయాక కుక్క ఒక్కటే వెంట నడిచిందని చెబుతూ వైశంపాయనుడు, నీకు పలుమార్లు చెప్పిన ఆ కుక్కే అని జోడిస్తాడు. ఆ ‘నీకు’ జనమేజయుడికి. నన్నయ ఆదిపర్వంలోనూ ఉన్న సరమోపాఖ్యానం మనందరికీ పరిచితమే. జనమేజయుడు దీర్ఘసత్రం చేస్తుండగా అతడి తమ్ములు యాగభూమికి వచ్చిన కుక్కపిల్లను కొట్టారు. ఆ తమ్ములలో ఒకడి పేరు భీమసేనుడు. హవిస్సును తన బిడ్డ నాకలేదు, కనీసం దానివైపు చూడలేదు, ఎందుకు కొట్టారని సరమ నిలదీసింది. వారి దగ్గర జవాబు లేకపోగా శపించి వెళ్లింది. గ్రంథక్రమంలో ఈ దెబ్బ మొదట వస్తుంది, వదలని కుక్క చివర వస్తుంది. వంశక్రమంలో చూస్తే తలకిందులు: ముందు యుధిష్ఠిరుడు, మూడు తరాల తరువాత ఈ దెబ్బ. ఆ దెబ్బ పడిన యాగానికి యజమాని ఇప్పుడు కూర్చుని ముత్తాతల కుక్క కథ వింటున్నాడు. స్వర్గారోహణ పర్వం అతడి ప్రశ్నతోనే మొదలవుతుంది. తన పూర్వులూ ధార్తరాష్ట్రులూ స్వర్గంలో ఏయే స్థానాలు పొందారని అడుగుతాడు. కుక్క మాట ఎత్తడు.