క్యాన్సర్ ఫైలు, గుండె లెక్క

మా వదిన రొమ్ము క్యాన్సర్ ఫైలు నా దగ్గరే ఉంటుంది. కీమో, రేడియేషన్ ముగిసి ఏళ్లు గడిచినా కాగితాలు తారీఖుల వరసలో పెట్టి, టూడీ ఎకో ఎప్పుడు తీయించాలో చూసుకునే పని నాది. "బీమారి పోయె గద తమ్మీ, ఇంక గుండెను జూసుడెందుకు?" అంటుంది వదిన. అడగాల్సిన మాటే.

రొమ్ము క్యాన్సర్‌కీ లింఫోమాకీ ఎక్కించే ఎర్రటి మందు డాక్సోరూబిసిన్. గడ్డను చంపే ఆ మందే గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ కొందరిలో ఏడాదిలోపే తెలుస్తుంది, కొందరిలో పదేళ్లు దాటాక. అందుకే జీవితం మొత్తానికి ఒక హద్దు పెట్టారు: ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు. 250 చేరినా ముప్పు ఎక్కువున్నవారి కిందే లెక్క. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే మరో మందు ట్రాస్టుజుమాబ్ తీరు వేరు. అది ఆపితే చాలామందికి గుండె కోలుకుంటుంది. ఇస్తున్నన్నాళ్లూ మూడు నెలలకోసారి ఎకో తీస్తారు.

ఎకో రిపోర్టులో అందరం చూసేది ఈఎఫ్. ఎడమ జఠరిక నిండా ఉన్న రక్తంలో గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం బయటికి నెడుతుందో ఆ అంకె చెబుతుంది. 52 అని ఉంటే ఫర్వాలేదనిపిస్తుంది. కీమోకు ముందు అదే 65 అని తెలిస్తే డాక్టరు ముఖం మారుతుంది. పాత రిపోర్టు లేకపోతే కొత్తది సగమే చెబుతుంది.

"గుండెకు గూడ క్యాన్సరొస్తదా?" అని అడిగేవాళ్లున్నారు. గుండెలోనే పుట్టే గడ్డలు బహు అరుదు. వాటిలోనూ ఎక్కువ మిక్సోమా వంటి క్యాన్సర్ కానివే, ఆపరేషన్‌తో తీసేస్తారు. ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో క్యాన్సర్ గుండెకు పాకడం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. చాలాసార్లు గుండె చుట్టూ నీరు చేరాకే తెలుస్తుంది. అలాగని ఎకోలో కనిపించిన ముద్దల్లా గడ్డ కాదు. కీమో పోర్టు గొట్టం కొసన గడ్డకట్టిన రక్తమూ అలాగే కనిపించవచ్చు. తేల్చడానికి ఎంఆర్ఐ కావాలి.

మన సిద్దిపేటవాళ్లకు వైద్యం చాలావరకు వంద కిలోమీటర్ల అవతల, హైదరాబాదులో. ఎకో మాత్రం ఇక్కడే తీయించుకోవచ్చు. ఆ డాక్టరుకూ ఈ డాక్టరుకూ మధ్య ఉన్నది మన ఫైలొక్కటే. డిశ్చార్జి కాగితంలో మందు పేరుంటుంది. మొత్తం ఎంత ఎక్కించారో చాలాసార్లు ఉండదు. మొహమాటపడకండి, కీమో పూర్తయిన రోజే ఆ అంకె రాయించుకోండి. గుండె ఉండే ఎడమవైపు రేడియేషన్ పడితే అదీ రాయించండి.