అలభ్య చిత్రాలు, మిగిలిన ఛాయాచిత్రాలు: థీడా బారా 'వ్యాంప్' పాత్రలపై పునఃపరిశీలన

తెలుగు సినిమా విమర్శలో 'వ్యాంప్' అనే మాట స్థిరపడి చాలాకాలమైంది. నాయకుణ్ణి ఆకర్షించి, కుటుంబానికి ముప్పుగా నిలిచి, కథ ముగిసేలోగా తెరమరుగయ్యే స్త్రీపాత్రను ఆ మాటతో సూచించడం పరిపాటి. అయితే ఆ మాటకు విశేష ప్రచారం తెచ్చిన అమెరికన్ మూకీ చిత్రాలలో అత్యధికం నేడు లేవు. లేని పాఠం మీద విమర్శ ఇంత నిశ్చయంగా ఎలా మాట్లాడుతోందన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ పాత్ర మూలం సినిమాలో లేదు. 1897లో ఫిలిప్ బర్న్-జోన్స్ 'ది వ్యాంపైర్' అనే చిత్రాన్ని గీశాడు. అతని బంధువైన కిప్లింగ్ అదే పేరుతో కవిత రాశాడు. ఆ కవిత ఆధారంగా నాటకం, నాటకం ఆధారంగా ఫాక్స్ సంస్థ నిర్మించిన 'ఎ ఫూల్ దేర్ వాజ్' (1915) వచ్చాయి. ఫ్రాంక్ పావెల్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో థీడా బారా పాత్రకు పేరు లేదు; 'వ్యాంపైర్' అన్నదే ఆమె గుర్తింపు. ఆమె తాగేది రక్తం కాదు. పురుషుని పదవిని, పరువును, సంసారాన్ని హరిస్తుంది. ఓడ మీద పాత ప్రియుడు తుపాకి ఎత్తితే, చేతిలోని పువ్వుతో దాన్ని తాకి నవ్వుతుంది. అతడు తననే కాల్చుకుంటాడు.

ఇక్కడ విషకన్య గుర్తుకు రావడం సహజం. కానీ పోలిక కొంతదూరమే సాగుతుంది. ముద్రారాక్షసంలో విషకన్య ఒకరి చేతి ఆయుధం. రాక్షసుడు చంద్రగుప్తునిపై ప్రయోగించగా చాణక్యుడు ఆమెను పర్వతకుని వైపు మళ్లిస్తాడు. బారా పాత్రను పంపినవారు లేరు. ఆమె ఎందుకలా చేస్తుందో చిత్రం చెప్పదు. ఆ ఖాళీని నింపినది కథకుడు కాదు, ఫాక్స్ ప్రచార విభాగం.

ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో ఒక దర్జీ కుమార్తెగా పుట్టిన థియోడోసియా గుడ్‌మన్, ప్రచార పత్రాలలో సహారా ఎడారిలో స్ఫింక్స్ నీడన జన్మించిన స్త్రీ అయింది. ఆమె పేరులోని ఆంగ్లాక్షరాలను తారుమారు చేస్తే 'అరబ్ డెత్' వస్తుందని చాటారు. అస్థిపంజరం ముందు జుట్టు విరబోసుకుని వంగి కూర్చున్న ఆమె ఫొటో విస్తృతంగా ప్రచారమైంది. చిత్రంలో అటువంటి సన్నివేశమే లేదు! ప్రాచ్యదేశాలంటే భయమూ మోహమూ కలగలిసిన నాటి అమెరికన్ ఊహకు ఇంతకంటే అనువైన సరుకు ఉండదు.

1937 జూలై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ ఫిల్ముల గోదాము తగలబడింది. నాటి ఫిల్ము నైట్రేట్‌తో తయారయ్యేది. పాతబడి చెడిపోతున్నకొద్దీ మండే వాయువులను విడుదల చేస్తుంది, అంటుకుంటే తన మంటకు కావలసిన ఆక్సిజన్‌ను తానే ఇచ్చుకుంటుంది. వేసవి వేడికి మొదలైన ఆ మంటలో సంస్థ మూకీ చిత్రాలలో అధికభాగం నశించింది. జె. గోర్డన్ ఎడ్వర్డ్స్ దర్శకత్వంలో బారా నటించిన 'క్లియోపాత్రా' (1917) నుంచి నేడు మిగిలినవి చిన్నచిన్న తునకలు మాత్రమే. ఆమె నటించిన సుమారు నలభై చిత్రాలలో పూర్తిగా దొరుకుతున్నవి వేళ్ల మీద లెక్కించదగినవి. అయితే నష్టానికంతటికీ అగ్నిప్రమాదమే కారణమనలేం. టాకీలు వచ్చాక మూకీలకు వ్యాపార విలువ లేదని స్టూడియోలే భావించాయి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో ప్రచురించిన డేవిడ్ పియర్స్ నివేదిక ప్రకారం, ఆ దేశపు సుమారు 11,000 మూకీ కథాచిత్రాలలో విడుదలనాటి 35 ఎం.ఎం. రూపంలో సంపూర్ణంగా మిగిలినవి 14 శాతమే.

చిత్రాలు పోయాయి, ఫొటోలు నిలిచాయి. బారాను గురించిన తీర్పులు చాలావరకు ఈ ఫొటోల మీద ఆధారపడినవే. అలభ్య కావ్యాలతో వ్యవహరించడం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 'ప్రబంధరత్నావళి' లేకపోతే ఎందరో కవుల పద్యాలు మనకు తెలిసేవి కావు. అక్కడ మిగిలినది కావ్యంలోని పద్యమే. దాన్ని ఏరినవాడు చదువరి. స్టూడియో ఫొటో అలాంటిది కాదు. అది చిత్రంలోని భాగం కాదు, చిత్రాన్ని అమ్మడానికి విడిగా తీయించినది. దాన్ని ఉదాహరణ పద్యంతో సమానంగా స్వీకరించడం ప్రమాణదోషం. తెలుగువారి తొలి మూకీగా పేర్కొనే 'భీష్మప్రతిజ్ఞ' (1921) కూడా అలభ్యమే కనుక ఈ విచక్షణ మన చరిత్ర రచనకూ అవసరం.

మిగిలిన కొద్దిపాటి సాక్ష్యమే ఆ తీర్పులకు అడ్డు వస్తుంది. అదృష్టవశాత్తు దక్కిన 'ఈస్ట్ లిన్' (1916)లో బారా మోహిని కాదు. భర్తనూ బిడ్డలనూ విడిచి వెళ్లి, మారువేషంలో సొంత బిడ్డలకే సంరక్షకురాలిగా తిరిగి వచ్చే ఇసబెల్. మోసగించేది ఆమె కాదు, మోసపోయేది ఆమె. పోయిన చిత్రాల జాబితాలో జూలియెట్ ఉంది, 'కాథ్లీన్ మవూర్నీన్' (1919)లోని ఐరిష్ పల్లెపడుచు ఉంది. ఆ పాత్రలను ఆమె ఎంత సమర్థంగా పోషించిందో నిర్ణయించే అవకాశం లేదు. కానీ ఆమెకు ఒక్క ముఖమే ఉండేదనడానికి ఆధారమూ లేదు.

అదే ఫాక్స్ సంస్థలో అదే తరహా పాత్రలతో పేరు పొందిన వలెస్కా సురాట్ స్థితి మరింత దయనీయం. ఆమె నటించిన చిత్రాలలో ఒక్కటీ మిగలలేదు. 'వ్యాంప్' అన్న ముద్రను పరీక్షించి చూడడానికి ఆమెకు ఒక 'ఈస్ట్ లిన్' కూడా లేదు.