మన్ను, వర్ణం, వంశస్మృతి: ‘నారాయణరావు’లో కోనసీమ

అడివి బాపిరాజు (1895–1952) చిత్రకారుడు, నవలాకారుడు కూడ. ఈ రెండు ప్రవృత్తులనూ జతపరచి పరిశీలించినప్పుడు, గతాన్ని ఆయన ఏ దృష్టితో స్వీకరించారో, ఆ దృష్టికి హద్దు ఎక్కడో తెలుస్తుంది.

సిత్తన్నవాసల్ జైనగుహలోని కుడ్యచిత్రాలకు బాపిరాజు జీవిత చరమదశలో ప్రతికృతులు రచించారు. అక్కడి వర్ణాలలో అధికభాగం ఖనిజాలే: ఎర్రమట్టి, పసుపుమట్టి, సున్నం, నలుపుకు మసి. అటువంటి చిత్రానికి ప్రతి తీసేవారు రేఖతోపాటు, దానిని మోసే గోడపూతనూ గమనించక తప్పదు. ఈ అనుభవం నవలలకు తరువాతిది గనుక దీనిని ప్రభావంగా కాక, సామ్యంగానే గ్రహించాలి. ‘హిమబిందు’లో శాతవాహనులు, ‘అడవి శాంతిశ్రీ’లో ఇక్ష్వాకులు, ‘గోన గన్నారెడ్డి’లో కాకతీయులు ఆంధ్రచరిత్రకు పొరలుగా నిలుస్తారు.

‘వేయిపడగలు’తో కలిసి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్న ‘నారాయణరావు’ సమకాలీన నవల. అందులో రాజవంశానికి బదులు కొత్తపేటలోని ఒక సంపన్న కుటుంబం నిలుస్తుంది. కోనసీమలో చెక్కడానికి శిల లేదు. ఉన్నది గోదావరి పేర్చిన ఒండ్రు. దాని మీద 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీరు, ఆ నీటిమీద పెరిగిన వ్యవసాయ సంపద, ఆ సంపద పోషించిన సంగీత సాహిత్యాభిరుచి: నాయకుని సంస్కారం ఈ పొరలన్నిటి పైన వికసించినది.

అయితే బాపిరాజు కుంచె పైపొర మీదనే ఎక్కువసేపు నిలిచింది. నాయకుడు దేశసేవాపరుడే, కాని అతని ఇంటికి ధాన్యం చేర్చిన శ్రమ కథాకేంద్రానికి రాలేదు. అదే కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో ఆ అడుగుపొరను రంగస్థలం మీదికి తెచ్చారు. కొత్తపేట కుటుంబానికి వంశం వారసత్వం. పాలేరుకు వంశం నుంచి సంక్రమించినది దాస్యం. మొదటివారికి చదువు ఉన్న సంస్కారానికి మెరుగు, రెండవవారికి విముక్తిమార్గం.

కనుక ‘నారాయణరావు’ను కోనసీమ జీవితానికి సమగ్రచిత్రంగా స్వీకరించడం పొరపాటు, కేవలం భూస్వామ్య స్వప్నమని త్రోసిపుచ్చడమూ అంతే. ఆ నవల పైపొరను విశ్వసనీయంగా చూపింది. దాని ప్రక్కన ‘పాలేరు’ను ఉంచి చదివినప్పుడే ఒకే ఒండ్రునేల ఇద్దరు రచయితలకు రెండు విభిన్న పూర్వస్మృతులను ఎందుకు ఇచ్చిందో బోధపడుతుంది.